రసాయన చర్యను గుర్తుపట్టడం, సమీకరణాన్ని తుల్యం చేయడం: పిల్లలు తప్పుతున్నది ఎక్కడ?

ప్రశ్న: మధురవాడ ట్యూషన్ టీచర్

ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట సైన్స్ చెబుతున్నాను. రెండు చోట్ల పాఠం ముందుకు కదలడం లేదు.

ఒకటి, చర్యను గుర్తుపట్టడం. "రంగు మారితే, బుడగలొస్తే, వేడి పుడితే రసాయన మార్పు. వెనక్కి తేగలిగితే భౌతిక మార్పు" అని అందరూ కంఠస్థం చేసేశారు. దాంతో నీళ్ళు మరిగితే బుడగలొచ్చాయి కాబట్టి రసాయన మార్పంటున్నారు. కాగితం చింపితే మళ్ళీ అతకదు కాబట్టి అదీ రసాయన మార్పేనట.

రెండోది తుల్యం చేయడం, అంటే సమీకరణంలో రెండు పక్కలా పరమాణువుల లెక్క సరిపెట్టడం. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం ఇస్తే సగం మంది హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ₂ అని రాసేసి, "రెండు పక్కలా లెక్క సరిపోయింది కదా టీచర్" అంటున్నారు. లెక్క నిజంగానే సరిపోయింది మరి! అలా రాయకూడదని చెబితే రాసుకుంటారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే తప్పు.

ల్యాబ్ లేదు. ఒక గది, వంటింట్లో వాడే 1 గ్రాము తేడా చూపించే డిజిటల్ తూకం ఉన్నాయి. కిరాణా కొట్లో, మెడికల్ షాపులో దొరికే వస్తువులతో ఏం చేయవచ్చో కొలతలతో చెప్పగలరా?

జవాబు 1: గాజువాక కెమిస్ట్రీ మాస్టారు

అమ్మా, మీరు రెండు సమస్యలన్నారు గానీ నా దృష్టిలో అవి ఒకటే. "ఇది ఏ పదార్థం?" అన్న ప్రశ్న పిల్లలు వేసుకోవడం లేదు. కొత్త పదార్థం పుట్టిందా లేదా అని చూడనివాళ్ళు బుడగల్ని చూసి మోసపోతారు. హెచ్₂ఓ, హెచ్₂ఓ₂ రెండు వేరు పదార్థాలని తెలియనివాళ్ళు కింద ఉన్న చిన్న అంకెను ఇష్టం వచ్చినట్టు మార్చేస్తారు.

పెరాక్సైడ్ సంగతి కళ్ళారా చూపించండి, చెప్పి వదిలేయకండి. పుళ్ళు కడగడానికి మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ అమ్ముతారు. ఒక గాజు గ్లాసులో అది 20 మిల్లీలీటర్లు, రెండో గ్లాసులో అంతే మంచినీళ్ళు పోయండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒక్కో దాంట్లో అప్పుడే కోసిన పచ్చి బంగాళాదుంప ముక్క వేయండి. నీళ్ళలో ఏమీ జరగదు. పెరాక్సైడ్ గ్లాసులో మాత్రం ముక్క చుట్టూ తెల్లటి నురగ పొంగుతుంది. దుంపలోని ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది: 2హెచ్₂ఓ₂ → 2హెచ్₂ఓ + ఓ₂. ఉడికించిన దుంపయితే ఎంజైమ్ చచ్చిపోయి నురగ రాదు, కాబట్టి పచ్చిదే వాడండి. సీసాని మీరే పట్టుకోండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఆ నురగ చూశాక, "నువ్వు రాసిన హెచ్₂ఓ₂ ఇదే. ప్రశ్నలో అడిగింది తాగే నీళ్ళు" అనండి. ఇక చిన్న అంకె జోలికి పోవాలంటే వాళ్ళే ఆలోచిస్తారు.

ఇప్పుడు గుర్తుల సంగతి. రంగు, బుడగలు, వేడి, అవక్షేపం (ద్రవంలో కరగకుండా విడిపడే పదార్థం), వాసన ఇవన్నీ అనుమానించడానికి పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి చాలవు. ప్రతి గుర్తుకూ ఒక ఎదురు ఉదాహరణ పక్కనే పెట్టండి. మరిగే నీళ్ళలో బుడగల్లో ఉన్నది నీటి ఆవిరే, ఆవిరి చల్లారితే మళ్ళీ నీరే. వెలుగు, వేడి వచ్చినా పాతకాలం ఫిలమెంట్ బల్బులో తీగ తీగగానే ఉంటుంది. షర్బత్‌లో నీళ్ళు పోస్తే రంగు పలచబడుతుంది తప్ప కొత్తదేమీ పుట్టదు.

"వెనక్కి వస్తే భౌతికం" అన్న సూత్రాన్ని మాత్రం పూర్తిగా తీసేయండి, అన్నిటికంటే ఎక్కువ చెడగొడుతున్నది అదే. దాన్ని పడగొట్టడానికి మన పారాణి ఒక్కటి చాలు. చిటికెడు పసుపుని రెండు చెంచాల నీళ్ళలో కలిపి, తాంబూలంలో వేసుకునే సున్నం గోరంత వేయండి. ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం పిండుతూ పోండి, మళ్ళీ పసుపు రంగు వచ్చేస్తుంది. రెండూ రసాయన మార్పులే. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో ఒక రూపంలో, ఆమ్లంలో ఇంకో రూపంలో ఉంటుంది. వెనక్కి వచ్చింది కాబట్టి భౌతికం అనడానికి ఇక దారి లేదు. చింపిన కాగితం దీనికి తలకిందులు: వెనక్కి రాదు, అయినా కాగితం కాగితమే.

మీ పిల్లలు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: "మొదట ఉన్న పదార్థం ఇంకా ఉందా? లేకపోతే దాని స్థానంలో ఏమొచ్చింది, దాని పేరేమిటి?" పేరు చెప్పగలిగితే సమీకరణంలో సగం రాసినట్టే.

జవాబు 2: బీచ్ రోడ్ ల్యాబ్ అసిస్టెంట్

మాస్టారు చెప్పిన దానికి ప్రయోగాల వైపు నుంచి కొంత కలుపుతాను.

మన విశాఖలో డబ్బు పెట్టక్కర్లేని వస్తువు ఆల్చిప్ప, అందులో ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బనేట్. రుషికొండలోనో ఆర్కే బీచ్‌లోనో ఏరిన ముక్కల్ని ఉప్పు పోయేదాకా మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టండి. సుమారు 1 గ్రాము ముక్కల్ని 50 మిల్లీలీటర్ల వెనిగర్‌లో వేయండి. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం ఉంటే 1 గ్రాముకు 25 మిల్లీలీటర్లే చాలు, రెట్టింపు పోస్తే పని ఆగిపోకుండా సాగుతుంది. మరో గ్లాసులో అవే ముక్కలు, వట్టి నీళ్ళు పెట్టడం మరిచిపోకండి. ఆరిన చిప్ప సందుల్లోని గాలి కూడా మొదట కాసేపు బుడగలుగా వస్తుంది. నీళ్ళ గ్లాసు పక్కన లేకపోతే ఆ గాలినే చర్య అనుకుంటారు. నీళ్ళలో కాసేపటికి బుడగలు ఆగిపోతాయి, వెనిగర్‌లో గంటల తరబడి వస్తూనే ఉంటాయి. పొడి కొట్టి వేస్తే త్వరగా, పెద్ద ముక్కయితే ఒక రోజు దాటాక కూడా మిగులుతుంది.

"చిప్ప కరిగిపోయింది, ఉప్పు కరిగినట్టే కదా" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఆ ద్రవాన్ని వడగట్టి పళ్ళెంలో ఎండబెట్టండి. ఉప్పునీళ్ళు ఎండితే ఉప్పు తిరిగొస్తుంది. ఇక్కడ చిప్ప తిరిగి రాదు, తెల్లటి కాల్షియం ఎసిటేట్ మిగులుతుంది.

వచ్చిన వాయువు ఏమిటో తేల్చేది సున్నపు తేట, కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది తెల్లబడుతుంది. అర టీస్పూన్ తాంబూలం సున్నాన్ని 250 మిల్లీలీటర్ల నీళ్ళలో బాగా కలిపి మూతపెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున పైతేట మాత్రమే కదలకుండా వంచుకోండి. సున్నం లీటరు నీటిలో రెండు గ్రాములు కూడా కరగదు కాబట్టి ఎక్కువ వేసి లాభం లేదు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి.

బోరు నీళ్ళు వాడితే వాయువు పంపకముందే తేట తెల్లగా ఉంటుంది. నీటిలో ముందే ఉన్న కాల్షియం బైకార్బనేట్‌తో సున్నం చర్య జరిపి కార్బనేట్‌ని దింపేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ గానీ ఆర్‌ఓ నీళ్ళు గానీ వాడండి.

రెండోది, సోడా నీళ్ళు తెచ్చి నేరుగా పోయడం. ఒక్క క్షణం తెల్లబడి మళ్ళీ తేరుకుంటుంది, కొన్నిసార్లు ఆ తెలుపు కంటపడను కూడా పడదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ముందు పడిన కాల్షియం కార్బనేట్, నీరు, వాయువు మూడూ కలిసి కరిగే కాల్షియం బైకార్బనేట్‌గా మారడమే కారణం. బొర్రా గుహల్లో సున్నపురాయి కరిగేది ఈ చర్యతోనే, పైకప్పు నుంచి రాతి స్తంభాలు దిగేది దీని తిరుగు చర్యతోనే. పిల్లలు అరకు వెళ్ళొచ్చి ఉంటే ఈ ఉదాహరణ వాళ్ళకు బాగా పడుతుంది. పరీక్షకు మాత్రం ఆల్చిప్ప, వెనిగర్ ఉన్న చిన్న సీసా నుంచి సన్న గొట్టంతో వాయువుని తేటలోకి మెల్లగా పంపండి.

సున్నం కంట్లో పడితే ప్రమాదం. పొడి సున్నం, నీళ్ళు పోస్తే బుసబుసమనే రాతి సున్నం పిల్లల ముందుకు తేనేవద్దు. గొట్టంలో నోటితో ఊదించాలనుకుంటే పీల్చకుండా చూసుకోండి.

తూకం ఉందన్నారు కాబట్టి ద్రవ్యనిత్యత్వం (చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యం మారదన్న నియమం) తప్పకుండా చేయించండి. చాలా చోట్ల జిప్ కవర్లో వంట సోడా, వెనిగర్ కలిపి తూస్తారు. అది మంచి పద్ధతి కాదు. కవర్ అర లీటరు ఉబ్బితే అంత గాలిని పక్కకు నెట్టి, తూకంలో అర గ్రాము పైగా తక్కువ చూపిస్తుంది. మీ తూకంలో ఒక అంకె దిగిపోయిందంటే పిల్లలు "ద్రవ్యం తగ్గింది" అని రాసుకుంటారు. బదులుగా 1 లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. 30 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, 2 గ్రాముల వంట సోడాని టిష్యూ కాగితంలో చుట్టి, సీసా, మూత, పొట్లం అన్నీ కలిపి తూయండి. పొట్లం లోపల పడేసి వెంటనే మూత బిగించి, చర్య ఆగాక మళ్ళీ తూయండి. అంకె మారదు. వచ్చే వాయువు సుమారు 600 మిల్లీలీటర్లు, ఆ ఒత్తిడిని కూల్‌డ్రింక్ సీసా సులువుగా తట్టుకుంటుంది. కొలత పెంచొద్దు, గాజు సీసా అసలే వద్దు.

తర్వాత మూత లేకుండా చేయండి. లీటరున్నర గిన్నెలో 150 మిల్లీలీటర్ల వెనిగర్, 10 గ్రాముల సోడా. సోడాని నాలుగైదు విడతలుగా వేయండి, లేకపోతే పొంగి బయటపడి లెక్క చెడుతుంది. చివర్లో కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు కాబట్టి గిన్నెలోనే నిలిచి ఉంటుంది. కలియబెట్టి, అట్టముక్కతో విసిరి, అప్పుడు తూయండి. 4 నుంచి 5 గ్రాములు తగ్గుతుంది. లెక్క ప్రకారం 5.2 రావాలి, కొంత ద్రవంలోనే కరిగి ఉండిపోతుంది. మూసిన సీసా అంకె, తెరిచిన గిన్నె అంకె బోర్డు మీద పక్కపక్కన రాస్తే సమీకరణంలో రెండు పక్కలా ఎందుకు సమానం చేయాలో వేరే చెప్పక్కర్లేదు.

జవాబు 3: సీతమ్మధార ఫౌండేషన్ క్లాసులు

తుల్యం చేయడం గురించి. ఇక్కడ సంకేతాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, నోట్‌బుక్‌లో మామూలు సంకేతాలే రాయించండి. రెండక్షరాల సంకేతంలో రెండోది చిన్నక్షరమే ఉండాలని గట్టిగా పట్టుబట్టండి. సీఓలో రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్, రెండోది చిన్నదైతే కోబాల్ట్.

ముందు అంకెకీ కింది అంకెకీ తేడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. హోటల్లో ప్లేటుకి రెండు ఇడ్లీ, ఒక గారె. మూడు ప్లేట్లు చెబితే ఆరు ఇడ్లీ, మూడు గారెలు. ప్లేటులో ఏముండాలో హోటల్ వాళ్ళిష్టం, ఎన్ని ప్లేట్లన్నదే మన చేతిలో ఉంది.

నేను చేయించే వరుస ఇది. మొదట మాటల్లో రాయించాలి: "మెగ్నీషియం, ఆక్సిజన్ కలిసి మెగ్నీషియం ఆక్సైడ్". తర్వాత సంయోజకతలు (ఒక్కో పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదన్న అంకెలు) చూసి ఫార్ములాలు రాయాలి. ఇక్కడే ఎంజీఓ₂ అని రాసేవాళ్ళుంటారు, ఆక్సిజన్ వాయువు ఓ₂ కాబట్టి. మెగ్నీషియం సంయోజకత 2, ఆక్సిజన్‌దీ 2, కాబట్టి ఎంజీఓ మాత్రమే. ఫార్ములా తప్పయినా ఒక్కోసారి లెక్క తుల్యం అయిపోతుంది, అయినా అది తప్పు సమాధానమే. ఫార్ములాలు సరిచూశాక ఒక్కోదాని చుట్టూ పెన్నుతో పెట్టె గీయించండి. పెట్టె లోపల చెయ్యి పెట్టకూడదు, పెట్టె ముందు మాత్రమే అంకె రాయాలి. అడుగున చిన్న పట్టిక: మూలకం, ఎడమ ఎన్ని, కుడి ఎన్ని. ఒక్క అంకె మార్చినా పట్టిక మొత్తం మళ్ళీ లెక్కపెట్టాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆక్సిజన్ సరిచేసి, దాంతో హైడ్రోజన్ చెడిన సంగతి చూడరు.

మూలకాల వరుస: ఒక్కో పక్క ఒక్క చోటే కనిపించే మూలకంతో మొదలు. ఒంటరిగా ఉన్న మూలకం (ఓ₂, హెచ్₂, ఎఫ్ఈ వంటిది) ఆఖరు. దాని ముందు ఏ అంకె రాసినా ఇంకే మూలకమూ చెడదు.

గ్యాస్ సిలిండర్‌లో ఉండే వాయువుల్లో ఒకటైన బ్యూటేన్ తీసుకోండి. సీ₄హెచ్₁₀ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ. కార్బన్ నాలుగు, కాబట్టి 4సీఓ₂. హైడ్రోజన్ పది, కాబట్టి 5హెచ్₂ఓ. కుడివైపు ఆక్సిజన్ 8 + 5 = 13, బేసి. ఎడమవైపు ఓ₂ జతలుగానే వస్తుంది. పిల్లలు ఇక్కడ ఇరుక్కుని, ఆక్సిజన్‌ని ఓ₁₃ చేసేస్తారు! ఆరున్నర అని రాయనివ్వండి, తప్పులేదు. తర్వాత అన్నిటినీ రెట్టింపు చేయాలి: 2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ. ఆక్సిజన్ 26, 26.

రెండు పక్కలా చెక్కుచెదరకుండా ఉన్న గుంపుని ఒకే వస్తువుగా లెక్కించాలి. నీటిశుద్ధిలో వాడే అల్యూమినియం సల్ఫేట్, సున్నం మధ్య చర్య: ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + 3సీఏ(ఓహెచ్)₂ → 2ఏఎల్(ఓహెచ్)₃ + 3సీఏఎస్ఓ₄. సల్ఫేట్లు 3, హైడ్రాక్సైడ్లు 6 అని లెక్కపెడితే అర నిమిషం పని. ఆక్సిజన్‌ని విడిగా లెక్కపెట్టబోతే 18 దాకా పోయి తికమక పడతారు.

చివరికి అన్ని అంకెలకీ ఉమ్మడి భాజకం ఉందేమో చూడాలి. 4, 2, 4 వస్తే 2, 1, 2 చేయాలి. అలాగే అన్నిటికీ అంకె కావాలని లేదు. వంట సోడా, వెనిగర్ చర్య రాసిన పళాన తుల్యంగానే ఉంటుంది. ఆల్చిప్పకు మాత్రం వెనిగర్ ముందు 2 కావాలి, ఎందుకంటే కాల్షియం రెండు ఎసిటేట్లను పట్టుకుంటుంది, సోడియం ఒక్కదాన్నే. ఈ రెండూ పక్కపక్కన ఇవ్వండి.

చేత్తో చేయాలనుకునే ఏడో తరగతి వాళ్ళకు చింతపిక్కలు ఆక్సిజన్, శనగలు హైడ్రోజన్, మధ్యలో బంకమట్టి. ఒక ఓ₂, రెండు హెచ్₂ కట్టి, విప్పి, నీళ్ళు కట్టమంటే రెండు అణువులు వస్తాయి, ఏదీ మిగలదు.

జవాబు 4: స్టీల్‌ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్

పై జవాబులోని వరుసతో ఒక్క చోట పేచీ ఉంది. ఒక్కో పక్క ఒక్క చోటే కనిపించే మూలకంతో మొదలుపెట్టమన్నారు. ధాతువు నుంచి ఇనుము తీసే మన స్టీల్‌ప్లాంట్ ఫర్నేసులో జరిగే చర్య చూడండి: ఎఫ్ఈ₂ఓ₃ + సీఓ → ఎఫ్ఈ + సీఓ₂. ఇనుము సరిచేస్తే కుడివైపు 2. కార్బన్ అప్పటికే సరిపోయినట్టు కనిపిస్తుంది. ఆక్సిజన్ ఎడమ 4, కుడి 2. ఇక్కడి నుంచి పిల్లలు అంకెలు గుడ్డిగా మారుస్తూ పోతారు.

ఇలాంటి చోట చర్యలో ఏం జరుగుతోందో అడగాలి. ఒక్కో సీఓ ఒక్క ఆక్సిజన్‌ని లాక్కుని సీఓ₂ అవుతుంది. ధాతువులో మూడు ఆక్సిజన్లున్నాయి, కాబట్టి మూడు సీఓలు కావాలి: ఎఫ్ఈ₂ఓ₃ + 3సీఓ → 2ఎఫ్ఈ + 3సీఓ₂. ఒక్క అడుగులో అయిపోయింది. ఎఫ్ఈ₃ఓ₄కి ఇదే ఆలోచనతో నాలుగు సీఓలు, మూడు ఇనుములు. తొమ్మిదో తరగతి వాళ్ళకు బరువులూ ఇవ్వండి: 160 గ్రాముల ఎఫ్ఈ₂ఓ₃, 84 గ్రాముల సీఓ కలిసి 244. కుడివైపు 112 గ్రాముల ఇనుము, 132 గ్రాముల సీఓ₂, అవీ 244.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మన మూడు ఫర్నేసుల్లో జరిగే చర్యలతోనే ఒక పూట పాఠం నడుస్తుంది. సీ + ఓ₂ → సీఓ₂, ఆ తర్వాత సీఓ₂ + సీ → 2సీఓ. సున్నపురాయి విడిపోయి సీఏఓ + సీఓ₂, ఆ సీఏఓ ఇసుకతో కలిసి స్లాగ్ (కరిగిన మలినాల తెట్టు). గాజువాక పిల్లలయితే ఈ పేర్లు ఇంట్లో వినే ఉంటారు.

తీసిన ఇనుము మళ్ళీ ఆక్సైడ్ కావడం చూపించడానికి మన సముద్రపు గాలికంటే మంచి ల్యాబ్ లేదు. నాలుగు చిన్న సీసాలు, గరుకు కాగితంతో రుద్దిన నాలుగు మేకులు. మొదటి దాంట్లో మామూలు నీళ్ళు, సగం మునిగేలా. రెండో దాంట్లో పది నిమిషాలు మరిగించి చల్లార్చిన నీళ్ళు నిండా పోసి పైన నూనె పొర. మూడో దాంట్లో పొడి సిలికా జెల్ పొట్లాలు, బిగుతు మూత. నాలుగో దాంట్లో సముద్రపు నీళ్ళు. నాలుగైదు రోజుల్లో మొదటిదీ నాలుగోదీ తుప్పు పడతాయి, గాలి అందని రెండోదీ తేమ లేని మూడోదీ పట్టవు. మేకు కొనేటప్పుడు తెల్లగా మెరిసే జింక్ పూత మేకు తెచ్చారో, ఏ సీసాలోనూ ఏమీ కనిపించక ప్రయోగం వృథా. నల్ల మేకులే అడగండి.

మధురవాడ ట్యూషన్ టీచర్

అందరికీ ధన్యవాదాలండీ. పెరాక్సైడ్, సీసా తూకం ఈ వారమే చేయిస్తాను. ఒక్క అనుమానం. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళలో మేకు వేసే ప్రయోగానికి పిల్లలు ఎఫ్ఈ₂(ఎస్ఓ₄)₃ అని రాసి 2, 3 అంకెలతో తుల్యం కూడా చేసేస్తున్నారు. పట్టిక ప్రకారం సరిగ్గానే ఉంది. అది తప్పని వాళ్ళకెలా చూపించాలి? ఇంకా, పాలు తోడుకోవడం రసాయన మార్పే అంటే దానికీ సమీకరణం ఉందా అని అడుగుతున్నారు.

గాజువాక కెమిస్ట్రీ మాస్టారు

మైలుతుత్తంతో ఇనుము రెండు సంయోజకతతోనే బయటికొస్తుంది. ఎఫ్ఈ + సీయూఎస్ఓ₄ → ఎఫ్ఈఎస్ఓ₄ + సీయూ, అంకెలేవీ అక్కర్లేదు. రుజువు రంగే: 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 5 గ్రాముల మైలుతుత్తం, అందులో గరుకు కాగితంతో రుద్దిన నాలుగైదు మేకులు. అరగంటలో మేకు మీద ఎర్రటి రాగి పొర కనిపిస్తుంది. నీలం పలచబడి లేతాకుపచ్చ తిరగడానికి మాత్రం ఒక రోజు ఆగాలి. ఆ లేతాకుపచ్చ ఫెర్రస్ సల్ఫేట్‌ది, అంటే ఇనుము సంయోజకత 2 ఉన్న ఎఫ్ఈఎస్ఓ₄ది. సంయోజకత 3 ఉన్న ఫెర్రిక్ అయితే పసుపు, గోధుమ రంగు వైపు పోయేది. రోజులు గడిచేకొద్దీ గాలి తగిలి ఆ రంగూ వస్తుంది, కాబట్టి మర్నాడే చూపించేయండి. తుల్యం పట్టిక పరమాణువుల లెక్క మాత్రమే చూస్తుంది, ఏ పదార్థం పుట్టిందో దానికి తెలియదు. అది గ్లాసులో చూసి తెలుసుకోవాలి. మైలుతుత్తం విషం, చేతులు కడిగించండి. మిగిలిన నీళ్ళు మొక్కల్లోనో కాలువలోనో పోయకుండా, పాత మేకులు వేసి రెండు మూడు రోజులు ఉంచి, నీలం పూర్తిగా పోయాక పారబోయండి.

పెరుగుకి సమీకరణం ఉంది. పాలలోని లాక్టోజ్‌ని తోడులోని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది: సీ₁₂హెచ్₂₂ఓ₁₁ + హెచ్₂ఓ → 4సీ₃హెచ్₆ఓ₃. ఆ 4 చెరిపేసి పిల్లలకివ్వండి. కార్బన్‌తో మొదలుపెడితే వెంటనే పడుతుంది, హైడ్రోజన్ 24, ఆక్సిజన్ 12 వాటంతటవే సరిపోతాయి.